జున్ను, విబూది మా ఇంటికి రావడానికి పట్టిన 20 వారాలు

ముందు మా మొదటి పిల్లి సంగతి చెప్పాలి. అది చెప్పకుండా జున్ను, విబూది అనే మా రెండు పర్షియన్ పిల్లిపిల్లల గురించి రాయలేను.

మూడేళ్ల క్రితం, మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా పర్షియన్ పిల్లి కావాలని పట్టుబట్టింది. ఫోన్లో ఒక ప్రకటన చూశాం. తెల్లటి పిల్ల. "45 రోజులు, ట్రిపుల్ కోట్, లిట్టర్ ట్రైన్డ్" అని రాసుంది, అంటే మూడు పొరల బొచ్చు, మలమూత్రాలకి ట్రే వాడటం నేర్చుకుంది అని. ఇంటికొచ్చి చూస్తామంటే అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు. మెట్రో స్టేషన్ దగ్గరికి అట్టపెట్టెలో పెట్టి తెచ్చి చేతికిచ్చారు, డబ్బులు ఫోన్లో వేయించుకుని వెళ్లిపోయారు. తల్లి ఎలా ఉంటుందో చూడలేదు. టీకా కార్డు అడిగితే "తర్వాత పంపిస్తాం మేడం" అన్నారు. మూడో రోజు నుంచి పిల్ల తిండి ముట్టలేదు. నీళ్ల గిన్నె అంచు మీద గడ్డం ఆనించి కూర్చునేది, తాగేది మాత్రం కాదు. తర్వాత వాంతులు, విరేచనాలు. డాక్టరుగారు రక్తపరీక్ష చేసి, తెల్లకణాలు దాదాపు లేవు, ఇది పాన్‌ల్యుకోపీనియా అనే వైరస్ జబ్బు అన్నారు. ఆరో రోజు తెల్లవారుజామున పోయింది. పేరు ఏం పెట్టాలా అని ఇంట్లో ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

ఆ రోజు ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగాను. ఆ మాట చెబితే డాక్టరుగారు ఆపి రెండు విషయాలు చెప్పారు. ఈ వైరస్ ఫినాయిల్‌కి చావదు, నేలమీద ఏడాది దాకా కూడా బతికుండగలదు. దానికి బ్లీచే కావాలి, 32 వంతుల నీళ్లలో ఒక వంతు బ్లీచు కలిపి, తుడిచిన చోట పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచాలి. రెండోది, ఫినాయిల్ అసలు పిల్లులకే విషం. నేల మీద నడిచి పాదాలు నాక్కుంటాయి కదా, ఆ రసాయనాన్ని విరగ్గొట్టే శక్తి వాటి కాలేయానికి లేదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా అంతే, ఒక్క మాత్ర చాలు. ఆ తర్వాత పిల్లి అనే మాట మా ఇంట్లో చాలా రోజులు ఎవరూ ఎత్తలేదు.

మళ్లీ ఎత్తింది మా అమ్మ. నాన్నగారు పోయాక అమ్మని తెనాలి నుంచి నిజాంపేటలోని మా ఫ్లాటుకి తీసుకొచ్చాం. అమ్మకి 74. అమ్మాయి చదువుకి వరంగల్ వెళ్లిపోయింది. మా ఆయనా నేనూ తొమ్మిదింటికి బయల్దేరితే మళ్లీ వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. ఒకరోజు నేనొచ్చి చెప్పులు విప్పుతుంటే అంది: "ఏమే, మాట్లాడే మనిషి లేకపోయినా పర్లేదు, ఇంట్లో ఏదో ఒకటి కదులుతూ ఉంటే బావుణ్ణు."

పిల్లేనని అమ్మే తేల్చింది. కుక్కని మూడుపూటలా కిందికి దింపాలి, అమ్మ మోకాళ్లతో అది కాని పని. మా సెల్లార్‌లో పిల్లులున్నాయి, వాటికి రోజూ తిండి పెడతాం, వాటిలో ఒకదాన్ని తెచ్చుకుందామా అని కూడా ఆలోచించాం. ఇండీ (దేశవాళీ) పిల్లని చిన్నప్పుడే తెచ్చి చక్కగా పెంచుకుంటున్నవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ సెల్లార్‌లో ఉన్నవన్నీ పెద్దయిపోయిన స్వేచ్ఛాజీవులు, వాటిని ఐదో అంతస్తులో బంధించడం న్యాయం కాదనిపించింది. పైగా అమ్మ ఎముకలు గుల్లబారి ఉన్నాయి. కాళ్ల మధ్య నుంచి దూసుకెళ్లే పిల్లి అయితే అమ్మ పడిపోతుందేమోనని నాకు భయం. పర్షియన్ నెమ్మదస్తురాలు, గెంతులు తక్కువ. దానికి బదులుగా అది మన చేతిలో మరో పని పెడుతుంది. జీవితాంతం రోజూ దువ్వాలి, కళ్లు తుడవాలి. అమ్మకి తీరిక ఉంది, చెయ్యాలన్న కోరికా ఉంది.

ఒకటి కాదు, రెండు తెచ్చుకోమని మా డాక్టరుగారే చెప్పారు. ఒంటరి పిల్లకి ఆట మొత్తం మనిషి చేతులతోనే. అమ్మ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుంది, చిన్న గీత పడ్డా మోచేతిదాకా నల్లగా కములుతుంది. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లలైతే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, ఎంత గట్టిగా కొరికితే అవతలిదానికి నొప్పో అవే నేర్చుకుంటాయి.

ఈసారి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పిల్లని చూడబోయే ముందు ఆ పిల్ల పుట్టిన ఇల్లు చూడాలి.

రెండు నెలల్లో 14 మందికి ఫోన్ చేశాను, ఆరు ఇళ్లకి వెళ్లాను. ఈ వ్యాపారంలో ఒక భాష ఉంది, అది ముందు తెలియాలి. మూతి కాస్త ముందుకుంటే "డాల్ ఫేస్", లోపలికి నొక్కేసినట్టుంటే "పంచ్ ఫేస్", మధ్యస్తంగా ఉంటే "సెమీ పంచ్". మూతి లోపలికి పోయేకొద్దీ ధర పైకి పోతుంది. నేను విన్న ధరలు 6 వేల నుంచి 40 వేల దాకా ఉన్నాయి. "ట్రిపుల్ కోట్" అని చాలామంది చెబుతారు. పర్షియన్‌కి ఉండేది రెండు పొరల బొచ్చే, పైన పొడుగు వెంట్రుక, లోపల ఉన్నిలాంటి మెత్తటి పొర. మూడో పొర ప్రకటనల్లోనే ఉంటుంది.

పంచ్ ఫేస్ పిల్లని నేనొక ఇంట్లో ఎత్తుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. అప్పుడు దాని వయసు రెండు నెలలు. నిద్రలో ఉంది. ఊపిరి తీసిన ప్రతిసారీ జలుబు చేసిన పసిపాపకి పట్టినట్టు గురగుర శబ్దం. ముక్కు రంధ్రాలు రెండు సన్నటి గీతల్లా ఉన్నాయి. కన్నీరు లోపలికి దిగే దారి వంకరపోయి, కళ్ల కింద గోధుమరంగు చారలు కట్టాయి. "చూడండి ఎంత క్యూట్‌గా గురక పెడుతోందో" అన్నారు వాళ్లు. నాకు గుండె బరువెక్కింది. ఆ మూతి పర్షియా నుంచి వచ్చింది కాదు. 19వ శతాబ్దపు బొమ్మల్లో పర్షియన్ పిల్లులకి మామూలుగా ముందుకొచ్చిన మూతే కనిపిస్తుంది. ప్రదర్శనల్లో బహుమతుల కోసం తరతరాలుగా ఏరి ఏరి జతకట్టి మనుషులు తెచ్చిన మార్పు ఇది. డాల్ ఫేసే తెచ్చుకోవాలని ఆ రోజే ఖాయం చేసుకున్నాను.

అందరినీ అడిగిన ప్రశ్నలు మూడు. తల్లిని చూపిస్తారా? ఎన్ని వారాలకి ఇస్తారు? తల్లిదండ్రులకి పీకేడీ పరీక్ష చేయించారా?

మూడో ప్రశ్న దగ్గర చాలామంది "అదేంటి?" అన్నారు. పర్షియన్లలో తరాల నుంచి వస్తున్న మూత్రపిండాల జబ్బు అది. కిడ్నీల్లో నీటి తిత్తులు పుట్టి ఏళ్లమీద పెరుగుతాయి. పిల్ల పుట్టుకతోనే మోసుకొస్తుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. ఏడెనిమిదేళ్లు వచ్చాక, అది మన ప్రాణంలో ప్రాణమయ్యాక బయటపడుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి పిల్లకీ సగానికి సగం అవకాశం ఉంది. దానికి కారణమైన జన్యువుని 2004లోనే గుర్తించారు. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది పంపితే ఏ వయసులోనైనా తెలిసిపోతుంది. స్కానింగ్‌లో అయితే పది నెలలు దాటాకే నమ్మకంగా కనిపిస్తుంది. ఇంత తేలికైన పరీక్ష చేయించకుండా ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనిస్తున్నవాళ్లని చూస్తే బాధేసింది.

వారాల ప్రశ్నకి అందరిదీ దాదాపు ఒకటే జవాబు, "ఇప్పుడే తీసుకెళ్లండి మేడం". 2018 పెట్ షాపు నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని షాపులో అమ్మకూడదు. బ్రిటన్‌లో 1910 నుంచి ఉన్న జీసీసీఎఫ్ అనే పిల్లుల నమోదు సంస్థ అయితే 13 వారాలు నిండాలంటుంది. ఇదేదో ముచ్చటకి పెట్టిన గడువు కాదు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఆరో వారం నుంచి తగ్గుతూ పోతుంది. అది పూర్తిగా పోయేదాకా టీకా సరిగ్గా పట్టదు, అందుకే మూడు నాలుగు వారాల తేడాతో మళ్లీ మళ్లీ వేస్తారు. ఈ రెంటికీ మధ్య ఉన్న సందులోనే మా మొదటి పిల్ల పోయింది. 45 రోజులకే తల్లి నుంచి తీసి, దారిలో భయపెట్టి, కొత్త ఇంట్లో పడేశాం. అమ్మినవాళ్ల తప్పు ఎంతుందో, తొందరపడి కొన్న నాదీ అంతే ఉంది.

పర్షియన్ పిల్లుల్ని పెంచి పిల్లల్ని ఇచ్చే ఆపా (ఉర్దూలో అక్క, మేం ఆవిడని అలాగే పిలుస్తాం) గురించి మా డాక్టరుగారే చెప్పారు. టోలిచౌకిలో ఉంటారు, ఏడాదికి ఒక్క ఈతే తీస్తారు, ముందుగా రాయించుకోవాలి అన్నారు. ఫోన్ చేస్తే ఆవిడ నన్నే ప్రశ్నలడిగారు. ఇల్లు సొంతమా, అద్దెనా? బాల్కనీకి జాలీ ఉందా? పగలు ఎవరుంటారు? ఇంతకుముందు పిల్లి ఉండేదా, ఏమైంది? ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ అమ్మగారిని తీస్కరండి" అన్నారు.

ఆగస్టు చివర్లో వెళ్లాం. పిల్లలకి ఎనిమిది వారాలు. మూడు గదుల ఇల్లు. నేను లోపలికి అడుగుపెట్టగానే చేసిన మొదటి పని గాలి పీల్చడం. పిల్లి మూత్రం వాసన లేదు, దాన్ని కప్పిపుచ్చే అగరొత్తుల వాసనా లేదు. చేతులు కడుక్కుని, చెప్పులు వాకిట్లోనే వదిలేసి రమ్మన్నారు. తల్లి పిల్లి మంచం మీదుంది, బూడిదరంగు మీద అక్కడక్కడా మీగడ పూసినట్టు మచ్చలు. మమ్మల్ని చూసి లేచిపోలేదు, ఒళ్లు విరుచుకుని అమ్మ చెయ్యి వాసన చూసింది. తల్లి మనిషిని చూసి బెదరకపోతే పిల్లలూ బెదరవు, ఏడో వారం దాటేలోపే ఈ బుద్ధులు వస్తాయి అని ఆపా చెప్పారు. పిల్లలు నాలుగు. అమ్మ నేల మీద కూర్చోలేదు కాబట్టి కుర్చీ వేశారు. నేను కింద కూర్చున్నాను.

ఒక్కోదాన్నీ మెల్లగా చూశాను. కళ్లలో పుసి ఉందా, చెవుల్లో కాఫీపొడిలాంటి నల్లటి మురికి ఉందా (అది ఉంటే పురుగులున్నట్టే), పొట్ట ఉబ్బుగా ఉందా, తోక కింద శుభ్రంగా ఉందా, చిగుళ్లు గులాబీరంగులో ఉన్నాయా. చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి విన్నాను. నాలుగింటికీ చప్పుడు లేని ఊపిరే. ఆపా ఒక ఫైలు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. తల్లికీ తండ్రికీ పీకేడీ లేదన్న రిపోర్టులు, టీకా పుస్తకాలు, మూడు తరాల పేర్లున్న పెడిగ్రీ కాగితాలు. తల్లివైపూ తండ్రివైపూ ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తోందేమో చూడమన్నారు, అలా వస్తే దగ్గర రక్తంలో జతకట్టినట్టు. ఒక్క పేరు కూడా కలవలేదు. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే చిప్ నంబరు 15 అంకెలు, కాగితం మీదున్నదీ టీకా పుస్తకంలో అంటించిందీ ఒకటే. ఈ పరీక్షల పట్టుదల ఎందుకొచ్చిందని అడిగితే, ఆవిడ పెంచిన మొదటి పిల్లి ఆరేళ్లకే కిడ్నీలు చెడి పోయిందట. అమ్మ కుర్చీలోంచి చెయ్యి చాపి ఆవిడ భుజం మీద వేసింది. అమ్మకి ఉర్దూ రాదు, ఆపా తెలుగు వేరు. అయినా ఆ మధ్యాహ్నం ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు.

"మూడు నెల్లు నిండాలె అమ్మా. అప్పుడే ఇస్త" అన్నారు ఆపా. ఒక్కోదానికీ 18 వేలు, అడ్వాన్సు ఐదు వేలు. పిల్లలు పుట్టకుండా రెండింటికీ త్వరగా ఆపరేషన్ చేయించాలని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అన్నాచెల్లెళ్లయినా జంతువులకి ఆ వావి ఉండదు, నాలుగైదు నెలలకే ఆడపిల్ల కడుపుతో ఉండే ప్రమాదం ఉంది.

మేం ఎంచుకున్నవి మీగడరంగు మగపిల్ల, బూడిదరంగు ఆడపిల్ల. రెండూ ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని పడుకునేవి, విడదీయబుద్ధి కాలేదు. ఇంటికొస్తూ దారిలోనే అమ్మ పేర్లు పెట్టేసింది, జున్ను, విబూది. ఆ రాత్రి గోడ మీది తెలుగు క్యాలెండర్లో, పాల లెక్క రాసుకునే గళ్లలోనే, 13 వారాలు నిండే రోజు చుట్టూ పెన్నుతో గుండ్రం చుట్టింది.

సెప్టెంబర్లో ఇంకోసారి వెళ్లి చూసొచ్చాం. రెండో టీకా కూడా అయింది. అక్టోబరు మొదటి వారంలో, మిగతా డబ్బు ఇచ్చేముందు మా డాక్టరుగారి దగ్గర చూపిద్దామంటే ఆపా సంతోషంగా ఒప్పుకున్నారు, తనే తీసుకొచ్చారు. గుండె, ఊపిరితిత్తులు, పళ్లు, బొడ్డు అన్నీ బావున్నాయి. విబూది ఎడమచెవి వెనక బియ్యపుగింజంత చోట బొచ్చు పలచగా ఉంది. ఆటలో జున్ను పీకి ఉంటాడనుకున్నాం. డాక్టరుగారు గది కిటికీ తెర లాగేసి, లైట్లు ఆపేసి, చేతిలో చిన్న వుడ్స్ ల్యాంప్ వెలిగించారు. ఊదారంగు వెలుతురు. చెవి వెనక్కి తెచ్చేసరికి ఆ పలచటి చోట నాలుగైదు వెంట్రుకలు మొదళ్ల నుంచి ఆకుపచ్చగా వెలిగాయి. చీకట్లో మిణుగురు పురుగులు వాలినంత స్పష్టంగా. ఎవరం మాట్లాడలేదు. దీపం జున్ను మీదికి తిప్పితే వాడి ముందుకాలి దగ్గరా ఒక పచ్చటి వెంట్రుక.

తామర. మనుషులకొచ్చే తామరలాంటిదే, పొడుగు బొచ్చు పర్షియన్లలో మరీ ఎక్కువ. ప్రాణం తీయదు, కానీ మనిషికి అంటుకుంటుంది, ముసలివాళ్లకీ పసివాళ్లకీ ఇంకా త్వరగా. ప్రతి తామరా ఈ దీపానికి వెలగదు కాబట్టి, వెంట్రుకలు పీకి కల్చర్‌కి (ల్యాబులో పెంచి చూసే పరీక్షకి) కూడా పంపారు.

ఆపా ముఖం పాలిపోయింది. ఇంటికి ఎవరెవరొచ్చారో, ఏది ముట్టుకున్నారో గుర్తుచేసుకుంటూ ఉండిపోయారు. తర్వాత పర్సు తీసి మా ఐదు వేలూ బల్ల మీద పెట్టారు. "మీరు వేరే చూస్కోండమ్మా, నాకు బాధ లేదు" అన్నారు. నేను డబ్బు వైపు చూశాను. నిజం చెబుతున్నాను, ఒక్క నిమిషం తీసుకోవాలనే అనిపించింది. మొదటి పిల్ల నీళ్ల గిన్నె దగ్గర కూర్చున్న తీరు కళ్లముందుకొచ్చింది. అమ్మ నన్నడగకుండానే ఆ నోట్లు తిరిగి ఆవిడ చేతిలో పెట్టి, "ఎన్నాళ్లు పడుతుందో డాక్టరుగారిని అడగండి, అన్నాళ్లూ ఆగుతాం" అంది. ఆ మాట నేను అనాల్సింది. అమ్మ అన్నందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

ఆరు వారాలు పట్టింది. ఒక వారం ఇట్రాకొనజోల్ సిరప్, ఒక వారం విరామం, మళ్లీ ఒక వారం. వారానికి రెండుసార్లు లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిసిన మందు) నీళ్లలో ముంచడం. కుళ్లిన కోడిగుడ్డు వాసన, మీగడరంగు జున్ను కాస్తా పసుపు పూసిన పెళ్లికొడుకులా తయారయ్యాడు. ఆపా తన ఇంట్లో ఉన్న అన్ని పిల్లులకీ వైద్యం చేయించారు, దుప్పట్లు కాల్చేశారు, రోజూ రెండుసార్లు వ్యాక్యూమ్ పట్టారు. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసి పిల్లల చెవులు వెనక్కి మడిచి చూపించేవారు. ఇంత చేసిన మనిషిని నేను మళ్లీ ఎక్కడ వెతకాలి? అక్టోబరు ఆఖర్న దీపావళి వెళ్లిపోయింది. ఆ టపాసుల మోత కొత్త ఇంట్లో వినాల్సిన పని వాటికి తప్పింది.

ఆ ఆరు వారాల్లో మేం ఇల్లు సర్దుకున్నాం. బాల్కనీకి పావురాల కోసం కట్టించిన నైలాన్ వల ఉంది. దాన్ని పిల్లి కొరికేయగలదు, గోళ్లతో ఎక్కగలదు. తీసేసి స్టీలు జాలీ బిగించాం. ఫినాయిల్ సీసా పని అమ్మాయికి ఇచ్చేసి, నేల తుడవడానికి ఒట్టి నీళ్లూ, వారానికోసారి పలచటి బ్లీచూ అనుకున్నాం. బీరువాల్లో కలరా ఉండలు తీసేశాం. దండల్లో కట్టే లిల్లీ వేరు, బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ వేరు. ఆ బొకే లిల్లీ పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పోతాయి, అందుకని బొకేలు గుమ్మం దాటి రాకూడదన్నాం. పూజగదికి తలుపు పెట్టించాం, కర్పూరం కూడా వాటికి పడదు. అమ్మ వత్తులు చేసే దూది, దారపు ఉండ మూత ఉన్న డబ్బాలోకి మారాయి. దారం మింగితే పేగులు ముడుచుకుపోతాయి.

తిండి దగ్గర పెద్ద చర్చే జరిగింది. మేం శాకాహారులం. తెనాలిలో అమ్మ చిన్నప్పుడు ఇంట్లో పిల్లి పెరుగన్నం తిని 12 ఏళ్లు బతికిందట, మరి వీటికెందుకు మాంసం అంటుంది. నేను డాక్టరుగారినే అడగమన్నాను. ఆయన, "అమ్మగారూ, మీ ఇంట్లో గాదె ఉండేదా?" అనడిగారు. ఉండేదంది. "ఎలకలు?" అమ్మకి వెంటనే అర్థమైంది. పెరుగన్నం పగటి తిండి, అసలు భోజనం రాత్రి గాదె కింద. ఐదో అంతస్తులో ఎలకలు లేవు. పిల్లి ఒంటికి టారిన్ అనే పదార్థం మాంసం నుంచే రావాలి, తగినంత తయారుచేసుకునే శక్తి దానికి లేదు. అది తక్కువైతే చూపు పోతుంది, గుండె సాగిపోతుంది. గుండె సంగతి 1987లో కాలిఫోర్నియా వైద్యులు తేల్చారు, అప్పట్నుంచే డబ్బా తిండ్లలో దాని మోతాదు పెంచారు. ఇంట్లో మాంసం వండకుండా డ్రై ఫుడ్, ప్యాకెట్లలో వచ్చే వెట్ ఫుడ్ పెడదామని ఒప్పందం. వాటి గిన్నెలు బాల్కనీ సింకులో వేరుగా కడుగుతాం. అమ్మ మొదటి రెండు రోజులు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు ప్యాకెట్ తనే చింపుతుంది.

నవంబరు నెలాఖర్లో, కార్తీకమాసం చివరి ఆదివారం, తామర లేదని దీపమూ కల్చరూ రెండూ చెప్పాక తెచ్చుకున్నాం. పిల్లలకి 20 వారాలు. మూడో టీకా, రేబిస్ టీకా కూడా అయిపోయాయి. క్యారియర్లో (పిల్లుల్ని మోసుకెళ్లే బుట్టలో) ఆపా ఈ పిల్లల తల్లి పిల్లి పడుకున్న పాత తువ్వాలు పరిచారు, ఉతకొద్దన్నారు. పది రోజులకి సరిపడా అవి తింటున్న తిండి, వాడుతున్న లిట్టర్ ఒక సంచిలో ఇచ్చారు. ఇల్లు మారిన వారంలో తిండి కూడా మారిస్తే కడుపు చెడుతుంది. క్యారియర్‌కి సీటు బెల్టు పెట్టి, నా చున్నీ కప్పాను. సగం దారి దాటేదాకా విబూది ఏడుస్తూనే ఉంది, తర్వాత జున్ను కూడా శ్రుతి కలిపాడు. మా ఆయన బండి 40 దాటనివ్వలేదు.

మొదటి వారం ఒకే గది. అమ్మ గది. ఒక మూల లిట్టర్ ట్రే, అవతలి మూల తిండి, నీళ్లు. దివాన్ కింద దూరి ఆ రోజంతా బయటికి రాలేదు. నేను చేతులు పెట్టి లాగబోతే అమ్మ కసిరింది. "వాటంతట అవే రానీ." వాలుకుర్చీలో కూర్చుని, పేపరు పైకి చదవడం మొదలుపెట్టింది. తెనాలి పేజీ, వాతావరణం, కందిపప్పు ధర, అన్నీ ఒకే గొంతుతో, నెమ్మదిగా. రాత్రి పదకొండింటికి నేను తలుపు సందులోంచి చూశాను. జున్ను దివాన్ కింది నుంచి సగం బయటికొచ్చి, అమ్మ చీర కుచ్చిళ్ల అంచు వాసన చూస్తున్నాడు. అమ్మ చదవడం ఆపలేదు, కాలు కూడా కదపలేదు. విబూది మూడో రోజు వచ్చింది. వచ్చిందే అమ్మ దుప్పటి మీదికి ఎక్కి ముందుకాళ్లతో పిండి పిసికినట్టు పిసుకుతూ గుర్రుమంది. అమ్మ నన్ను పిలవలేదు, పిలిస్తే బెదురుతుందని. పొద్దున కాఫీ ఇస్తుంటే చెప్పింది.

ఇప్పుడు రోజూ పొద్దున అమ్మ కాఫీ అయ్యాక వాటి పని. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, ఒక్కో కంటికీ వేరే దూదితో, ముక్కు వైపు నుంచి బయటికి తుడుస్తుంది. తర్వాత స్టీలు దువ్వెన. చెవుల వెనకా చంకల్లోనూ చిక్కులు త్వరగా కడతాయి, ఒక్కరోజు మానినా గట్టిపడతాయి. అక్కడ బొచ్చు మొదలు వేళ్లతో పట్టుకుని చివర్ల నుంచి విప్పుతుంది, మాకు చిన్నప్పుడు జడ వేసేటప్పుడు చేసినట్టే. విబూది కళ్లు మూసుకుని కూర్చుంటుంది. జున్ను మాత్రం దువ్వెనని కొరకబోతాడు, వాడిని పట్టుకోవడానికి నేను కావాలి.

ఆదివారాలు వంటింటి కాటా మీద ట్రే పెట్టి తూకం వేస్తాం. వచ్చినప్పుడు జున్ను 2 కిలోల 100 గ్రాములు, విబూది 1 కిలో 750. పోయిన ఆదివారం 2,450, 2,050. అమ్మ పాల లెక్క పక్క గడిలో అంకెలు వేసి, ఆపాకి ఫోన్ చేసి చదివి వినిపించింది. కొత్త క్యాలెండర్ వచ్చింది. అందులో సంక్రాంతి దాటాక వచ్చే సోమవారం చుట్టూ గుండ్రం చుట్టి ఉంది. ఇద్దరి ఆపరేషన్లూ ఆ రోజే. ముందురోజు రాత్రి పది తర్వాత తిండి పెట్టకూడదని కింద చిన్న అక్షరాల్లో రాసుకుంది.